ఇశ్రాయేలు కొవ్వొత్తి ఎందుకు వంగింది

నందిగామ బస్టాండు ఎదుటి టీ కొట్టులో ఇశ్రాయేలు కనిపించగానే పాలగిన్నె మీద మూత తీసి పక్కన పెడతారు. అడగకముందే చూపిస్తే ఆ పూట గొడవ ఉండదు. మందుల షాపులో మాత్రల అట్ట మీద తేదీ చదివి ఊరుకోడు. పాత తేదీ మీద కొత్తది అచ్చేశారేమోనని గోటితో గీకి చూస్తాడు. చర్చిలో కానుకల సంచి తన చేతిలోంచి వెళ్లాక, అది ఆఖరి వరస దాటేదాకా తల తిప్పి చూస్తూనే ఉంటాడు. పాస్టరు గారు ప్రార్థనకు కళ్లు మూసుకోమంటే ఒక కన్ను మూస్తాడని భార్య పుష్పవతి నలుగురిలోనూ అంటుంది.

ఇది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగం ఇచ్చింది. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా మీద అతను చాలా ఏళ్లు పనిచేశాడు. క్వారీ నుంచి సున్నపురాయి టిప్పర్లు వచ్చేవి. రాయి బరువు పెంచడానికి డ్రైవర్లు చేయని పని లేదు. రాయి మీద నీళ్లు కొట్టేవాళ్లు. క్లీనరు కాటా పలక అంచున ఒక కాలు పెట్టి నిలబడి, బండిని ఆనుకుని బీడీ వెలిగించేవాడు. ఖాళీ బండి తూచేటప్పుడు క్యాబిన్లో ఎవరూ ఉండరు, నిండు బండి తూచేటప్పుడు నలుగురుంటారు. ఇశ్రాయేలు బండి చుట్టూ తిరిగి, కింద తొంగి చూసి, క్యాబిన్ తలుపు తీయించి, అప్పుడే బరువు రాసేవాడు. దొంగతనం పట్టుకున్నా ఏమీ అనేవాడు కాదు, తరుగు తీసేవాడు. నీకు తెలిసిందని అవతలివాడికి తెలియనిస్తే వాడు కొత్త దారి వెతుక్కుంటాడన్నది అతని సూత్రం.

ఫ్యాక్టరీవాళ్లు కాటా దగ్గర కెమెరాలు, కంప్యూటరు పెట్టాక అతని కళ్లతో పని లేకుండా పోయింది. పుష్పవతి తండ్రి వీరులపాడు వైపు చర్చిలకు కొవ్వొత్తులు పోసేవాడు. ఆయన పోయాక అచ్చులు కూతురికి వచ్చాయి. నందిగామలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, మొగుడూ పెళ్లాం అదే పని పట్టుకున్నారు. మైనం కరగబెట్టడం, పోయడం అతని పని. అచ్చుల్లో వత్తి దారం లాగి కట్టడం, చల్లారాక కొవ్వొత్తులు తీసి అంచులు కోయడం ఆమె పని.

ఈ మెట్ట ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాలకు కొవ్వొత్తి అంటే కరెంటు పోయినప్పుడు వెలిగించుకునేది మాత్రమే కాదు. క్రిస్మస్‌కి కావాలి, జ్ఞాపకార్థ కూడికలకు కావాలి. అన్నిటికంటే ఎక్కువ ఈస్టర్ తెల్లవారుజామున కావాలి. ఆ రోజు ఊరంతా సమాధుల తోటకు వెళ్లి తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తారు. అక్కడ ఎవరూ రాసిపెట్టని నియమం ఒకటుంది. సమాధి మీద వెలిగించిన కొవ్వొత్తి ఆ పోయిన మనిషిది. గాలికి ఆరిపోయినా, సగమే కాలినా దాన్ని ఇంటికి తేరు. వేరే సమాధి మీద కూడా పెట్టరు.

గొడవ మార్చి నెలలో, వీరులపాడులో వరప్రసాదరావు ఇంట్లో మొదలైంది. ఆయన ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. సంఘంలో పెద్ద. సమాధుల తోట కమిటీ ఆయన మాట మీదే నడుస్తుంది. తల్లి పోయి ఏడాదైందని కూడిక పెట్టారు. మధ్యాహ్నం, షామియానా కింద, ఆమె ఫొటో ముందు ఇశ్రాయేలు పోసిన పెద్ద కొవ్వొత్తి వెలిగించారు. పాస్టరు గారు వాక్యం చదువుతుండగానే అది నడుము దగ్గర మెత్తబడి ముందుకు వంగడం మొదలుపెట్టింది. చూస్తుండగానే తల ఫొటోకు ఆనుకుంది. నల్లటి పొగ లేచి అద్దం మీద, సరిగ్గా ఆమె ముఖం ఉన్నచోట, మసి పట్టింది.

ఆడవాళ్లలో ఎవరో గట్టిగానే అన్నారు: "ఇది కొత్త మైనం కాదమ్మా. తోటలో ఏరుకొచ్చింది."

ఆ మాట ఎవరన్నారో తర్వాత ఎంత అడిగినా తేలలేదు. సాయంత్రానికి అది నందిగామ చేరింది. మర్నాటికి ఇశ్రాయేలు రాత్రిళ్లు గోనెసంచి పట్టుకుని సమాధుల తోటల్లో తిరగడం చూసినవాళ్లు కూడా తయారయ్యారు.

వరప్రసాదరావు కబురు పెడితే ఇశ్రాయేలు వెళ్లాడు. ఆయన ఆ వంగిన కొవ్వొత్తిని కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు.

"మా అమ్మ ముందు పెట్టింది ఎవరి అమ్మ కొవ్వొత్తో నాకు తెలియాలయ్యా."

"కొత్త మైనమేనండి. ఒట్టండి."

"ఒట్లు కాదు. మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటది. ఈస్టర్‌కి నీ కొవ్వొత్తి పెట్టాలా వద్దా అప్పుడు చెప్తాం. ఈలోపు నువ్వే తేల్చుకురా."

మట్టల ఆదివారం అంటే ఈస్టర్‌కి సరిగ్గా వారం ముందు. కమిటీ వద్దంటే ఆ మాట ఒక్క ఊళ్లో ఆగదని ఇశ్రాయేలుకు తెలుసు. చచ్చినవాళ్ల మైనం కరగబోసినవాడన్న పేరు వస్తే ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ అతని కొవ్వొత్తి వెలగదు. రేపు అతను పోతే, అతని సమాధి దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఆ మాటే అనుకుంటూ వస్తారు.

అతనికి తన మీద అనుమానం లేదు. మిగతా అందరి మీదా ఉంది. ముందుగా మైనం అమ్మే సర్ఫరాజ్ మీద.

సర్ఫరాజ్ కొట్టు జగ్గయ్యపేటలో. ఇశ్రాయేలు కూతురు మహిమ కూడా అక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, రోజూ నందిగామ నుంచి బస్సులో వెళ్లివస్తుంది. ఒక శనివారం తండ్రీ కూతురూ కలిసి బస్సెక్కారు. హైవే మీద గ్యాస్ ట్యాంకరు ఒకటి ముందు నెమ్మదిగా పోతోంది. బస్సు దాని వెనకే ఇరుక్కుంది.

"అసలు ఈ మైనం ఎక్కణ్ణుంచి వస్తదమ్మా?" అన్నాడు ఇశ్రాయేలు. ఇన్నేళ్లుగా పోస్తున్నా అడగాలనిపించలేదు. ఇప్పుడు ఎవరిని పట్టుకోవాలో తెలియాలి కాబట్టి అడిగాడు.

మహిమ ట్యాంకరు వైపు చెయ్యి చూపించింది. "అదిగో, దాంట్లో ఉన్న గ్యాసుకి చుట్టమే మన మైనం. భూమిలోంచి తీసే ముడిచమురు ఒకటే వస్తువు కాదు నాన్నా, వందల రకాల కలగలుపు. కార్బన్లు ఒకదాని పక్కన ఒకటి దండలాగా కట్టుకుని ఉంటయి, చుట్టూ హైడ్రోజన్లు. వీటిని ఆల్కేన్లంటారు. దండలో మూడో నాలుగో ఉంటే గ్యాసు. ఎనిమిది దగ్గర పెట్రోలు. పదిహేను దగ్గర డీజిలు. ఇంకా పొడుగైతే ఇంజనాయిలు. ఇరవై, ముప్పై దాటినయ్యి గడ్డకట్టి మైనం."

"మరి విడగొట్టేదెవరు?"

"రిఫైనరీలో కాస్తారు. తేలికవి ముందే ఆవిరై గోపురం పైదాకా పోతయి. బరువువి కింద అంతస్తుల్లోనే చల్లబడి దిగిపోతయి. మైనం మాత్రం అట్టా విడిగా రాదు, బరువు నూనెతో కలిసే వస్తది. ఆ నూనెని బాగా చల్లబరిస్తే మైనం గడ్డ కడతది. అప్పుడు దాంట్లోంచి నూనె పిండేస్తారు."

"మొత్తం పిండేస్తారా?"

"పిండినంత పిండుతారు. ఎంత పిండారో దాన్ని బట్టి గ్రేడు."

"గ్రేడంటే?"

"నూనె తక్కువుంటే మంచి గ్రేడు, ఎక్కువుంటే తక్కువ రకం."

"అంటే ఒప్పుకున్న దొంగతనం అన్నమాట."

వెనక సీట్లో ఎవరో నవ్వారు. మహిమ తల కొట్టుకుంది.

"నూనె ఉంటే మాత్రం కొవ్వొత్తి ఎందుకు వంగుద్ది?" ఇశ్రాయేలు వదల్లేదు.

ఆమె కిటికీలోంచి చూసింది. పొలాల గట్ల మీద పత్తికట్టె పీకి కుప్పలు వేసి ఉంది. "జొన్న చొప్ప మోపు కట్టు నాన్నా, ఒకదాన్నొకటి ఆనుకుని గట్టిగా కుదురుద్ది. పత్తికట్టె మోపు కట్టు, మధ్యలో అంతా సందులే. మంచి మైనంలో పొడుగు దండలు చొప్పలాగా సర్దుకుంటయి. నూనెలో ఉండేయి పొట్టివి, కొమ్మలున్నవి. అవి మధ్యలో దూరితే మోపు వదులైద్ది. మన మైనం యాభై ఎనిమిది, అరవై డిగ్రీల దాకా కరగదు. వదులైతే ఈ ఎండకే మెత్తబడిద్ది. నూనె ఎక్కువైతే పొగ కూడా."

"అయితే మోపు వదులు చేసింది సర్ఫరాజే" అన్నాడు ఇశ్రాయేలు.

సర్ఫరాజ్ కొట్టులో మైనం పలకల సంచులు ఒక గోడకు, ఫినాయిలు డబ్బాలు, అగరబత్తి పుల్లల కట్టలు ఇంకో గోడకు ఉంటాయి. అతను లోపలి నుంచే పలకరించాడు.

"రాండి బాబాయ్. ఇవాళ దేని మీద అనుమానం? నా మీదా, కాటా మీదా?"

"మైనం మీద."

"హమ్మయ్య." అతను మహిమ వైపు తిరిగాడు. "పోయినసారి ఫ్యాను మీద పడ్డారు మేడం గారూ. గాలికి కాటా ఊగుతుందని ఆపించారు. చెమటకి నేనే రెండు కేజీలు తగ్గా."

ఇశ్రాయేలు నవ్వలేదు. కాగితం విప్పి వంగిన కొవ్వొత్తి బల్ల మీద పెట్టి, వీరులపాడులో జరిగింది చెప్పాడు. సర్ఫరాజ్ ముఖంలో వెటకారం పోయింది. "సమాధి మైనం" అన్న మాట దగ్గర అతను బయటికి చూసి గొంతు తగ్గించాడు.

"అంటే రేపు నా పేరు కూడా వస్తదిగా బాబాయ్."

"రావాలో లేదో చూద్దామనే వచ్చా."

సర్ఫరాజ్ పరీక్ష తెలిసినవాడిలా లేచాడు. కొత్త సంచి కుట్టు ఇశ్రాయేలు చేతే విప్పించాడు. పలక మీద చాకుతో గీకి ఆ పొట్టును పాత పేపరు మడతలో పెట్టాడు. వంగిన కొవ్వొత్తిని గీకి ఇంకో మడతలో పెట్టాడు. రెంటి మీదా ఒక్కో తూకపురాయి పెట్టి ఎండ పడే గడప మీద ఉంచాడు. టీ చెప్పాడు. ఇశ్రాయేలు టీ తాగుతూ ఆ రాళ్ల మీద నుంచి చూపు తిప్పలేదు.

విప్పి చూస్తే కొత్త పలక ఉంచిన పేపరు పొడిగానే ఉంది. రెండోదాని మీద అరచేయంత జిడ్డు మరక. అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనిపిస్తున్నాయి.

"చూశారా? నా కొట్లోంచి వెళ్లినప్పుడు దీంట్లో నూనె లేదు. మీ ఇంట్లో చేరింది" అన్నాడు సర్ఫరాజ్. తర్వాత కొవ్వొత్తిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇదేంటి, పౌడరు వాసనొస్తంది?"

ఇశ్రాయేలుకు వాసన తెలియదు. కాటా దగ్గర సున్నపురాయి దుమ్ము అతని ముక్కును ఎప్పుడో పాడుచేసింది. మహిమ వాసన చూసింది. మల్లెపూవో, గులాబీయో, ఏదో సెంటు. నిజమే.

ఇశ్రాయేలు ఇంటికి రాగానే నేరుగా పుష్పవతి దగ్గరికి వెళ్లాడు. కొవ్వొత్తి అతుక్కోకుండా అచ్చుల లోపల కాస్త నూనె రాయడం ఆమె పనే.

"అచ్చులకి నూనె ఎంత రాస్తన్నావ్?"

"మా నాన్న రాసినంత."

"ఏం నూనె? సెంటు నూనెనా?"

పుష్పవతి వత్తి దారం కింద పెట్టింది. "తలకి రాసుకోటానికే కొబ్బరినూనె దాచి దాచి ఇస్తావ్. అచ్చులకి సెంటు నూనె రాస్తానా? నన్నెప్పుడు అనుమానిస్తావా అని చూస్తన్నా. ఇన్నాళ్లకి వరసలో నా దాకా వచ్చావ్."

మహిమ షెడ్డులోకి వెళ్లింది. అక్కడ అరుగు మీద ఒక డబ్బా ఉంది. లేపితే గలగలమంది. లోపల గుండ్రటి చిన్న రేకు బిళ్లలు, ఒక్కోదాని మధ్యలో చిల్లు.

"ఇవేంటి నాన్నా?"

"సాక్ష్యం" అన్నాడు ఇశ్రాయేలు గుమ్మంలోంచి.

అతని వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. విరిగిపోయిన, అమ్ముడుపోని కొవ్వొత్తులను కొట్లవాళ్లు సంచుల్లో వెనక్కి పంపుతారు. వాటిని తూచి, తరుగు తీసి, అంత బరువుకు కొత్తవి ఇస్తాడు. వెనక్కి వచ్చింది తను పోసినదే కాబట్టి కొత్త మైనం కిందే లెక్కగట్టి గుండిగలో వేస్తాడు. ఇది అతనే పెట్టిన ఏర్పాటు. తూకం ఉన్నచోట మోసం జరగదని అతని నమ్మకం. కొందరు సంచిలో ఇసుక కలిపారు, కొందరు సంచి తడిపారు. కరగబెడితే ఇసుకా నీళ్లూ గుండిగ అడుక్కి చేరేవి, మైనం పైన తేలేది. అందుకే అతను ఎప్పుడూ అడుగు చూసేవాడు. క్రిస్మస్ తర్వాత పెనుగంచిప్రోలు నుంచి దశరథరామయ్య అనే కిరాణా వ్యాపారి పంపిన సంచులు కరగబెట్టినప్పుడల్లా అడుగున ఈ రేకు బిళ్లలు వచ్చాయి. బరువు పెంచడానికి వేశాడని ఇశ్రాయేలు తేల్చేశాడు. అలవాటు ప్రకారం ఏమీ అడగకుండా తరుగు పెంచాడు. బిళ్లలు దాచాడు.

మహిమ ఒక బిళ్లను అరచేతిలో పెట్టుకుంది. "నాన్నా, ఇవి బరువుకి వేసినవి కాదు. గ్లాసు కొవ్వొత్తుల్లో వత్తి నిలబడటానికి అడుగున పెడతారు. క్రిస్మస్‌కి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చి సమాధుల మీద పెడతన్నారుగా, గాలికి ఆరిపోకుండా. సెంటు వేసి చేస్తారు. గ్లాసు ఎటూ పట్టి ఉంచుద్ది కాబట్టి వాటిల్లో మెత్తటి మైనమే పోస్తారు, నూనె మస్తుగా ఉంటది."

ఇశ్రాయేలు గడప మీద కూర్చున్నాడు.

ఇసుక వేరే జాతి, నీళ్లు వేరే జాతి. రెండూ అడుక్కి దిగి పట్టుబడ్డాయి. నూనె మైనానికి సొంత చుట్టం, దండ పొడుగులోనే తేడా. అందుకే మచ్చ లేకుండా కలిసిపోయింది. కాటా కిలోకి కిలో చూపించింది. కాటా తప్పు చెప్పలేదు, తూగుతున్నది ఏమిటని దాన్ని ఎవరూ అడగలేదు.

మర్నాడు ఆరాధన అయ్యాక ఆటోలో పెనుగంచిప్రోలు వెళ్లాడు. తరుగు తీసిన మనిషిని జీవితంలో మొదటిసారి సూటిగా, బిళ్లలు ఎక్కడివని అడిగాడు.

దశరథరామయ్య దాచలేదు. "పుల్లయ్య తెచ్చిస్తాడండి, మీవాళ్ల సమాధుల తోట ఊడ్చేవాడు. గ్లాసులు ఇంట్లో మంచినీళ్లకి పెట్టుకుంటాడు. మైనం ముక్కలు నాకిచ్చి టీ పొడో, సబ్బో పట్టుకుపోతాడు. పారేసేదే కదా అని మీ సంచిలో వేసి పంపా."

"అవి తోటలోవని నాకు చెప్పొద్దా?"

"మీరు అడిగితేగా? సంచి తీసుకుంటారు, తూస్తారు, నోరు మెదపకుండా తరుగు రాస్తారు. ఎందుకు తీస్తన్నారో అడుగుదామంటే ఇంకా తీస్తారేమోనని భయం." తర్వాత కాస్త ఆగి అన్నాడు. "అయినా ఆరిపోయాక అది ఎవరిదండీ?"

దానికి జవాబు ఇశ్రాయేలు తన ఇంట్లో అడిగితే చెప్పగలడు గానీ కిరాణా కొట్టులో చెప్పగలిగింది కాదు.

పుకారు నిజమైంది. సంచి పట్టుకుని తిరగలేదు, అంతే. వరప్రసాదరావు తల్లి ముందు వెలిగింది వేరే ఎవరి తల్లి మైనమో.

మట్టల ఆదివారానికి ముందు సాయంత్రం ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు.

"సర్ఫరాజ్ మీద చెప్పెయ్యి. మైనం నాసిరకం ఇచ్చాడని" అంది పుష్పవతి. "అందరూ నమ్ముతారు. ఆయనేమన్నా మన చర్చికొస్తాడా, అడుగుతాడా?"

మహిమ తల అడ్డంగా ఊపింది. "అంత వద్దు. మైనంలో నూనె ఎక్కువైందని చెప్పు నాన్నా. అబద్ధం కూడా కాదు. ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగరు."

"వరప్రసాదరావు గారు అడుగుతారు" అన్నాడు ఇశ్రాయేలు. "నేనైతే అడుగుతా."

"మరి నిజం చెప్తే నిన్ను బతకనిస్తారా?" పుష్పవతి గొంతు పెరిగింది. "మా నాన్న అచ్చులు అవి. ఆయన పోసినన్నాళ్లూ ఒక్కరు మాట అన్లేదు."

"సర్ఫరాజ్ మైనం కాటాకి సరిపోయింది, కాగితానికి సరిపోయింది. సరిపోయినదాన్ని తప్పని రాయటం నాకు రాదు" అన్నాడు ఇశ్రాయేలు.



ఆదివారం ఆరాధన అయ్యాక, వీరులపాడు చర్చి ఆవరణలో ఈతమట్టలు ఇంకా నేల మీద పడి ఉండగానే కమిటీ కుర్చీలు వేసుకుంది. పెద్దలే కాదు, ఇళ్లకు వెళ్లాల్సినవాళ్లు కూడా వెళ్లకుండా చుట్టూ నిలబడ్డారు. ఇశ్రాయేలు డబ్బా తెచ్చి బల్ల మీద బిళ్లలు పోశాడు. పుల్లయ్య దగ్గర మొదలుపెట్టి, దశరథరామయ్య సంచి, తన గుండిగ, వరుసగా చెప్పాడు. ఏ మాటా తగ్గించలేదు.

ఒక ముసలామె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వరప్రసాదరావు ఒక బిళ్లను తీసి రెండు వైపులా చూశారు. "ఇదంతా నీకు తెలియకుండా జరిగిందంటావ్."

"తెలియకుండానేనండి."

"నీకు! టీలో పాలు మూత తీయించి చూసేవాడివి. నీకు తెలియకుండా నీ ఇంట్లో మూడు నెలలు సమాధి మైనం కరిగింది. నమ్మమంటావ్."

అనుమానపు మనిషి మోసపోయాడంటే ఎవరూ నమ్మరు. అదే మాట ఇంకొకరు చెబితే ఇశ్రాయేలూ నమ్మేవాడు కాదు.

"తెలిసుంటే ఈ బిళ్లలు దాచుకుంటానా అండి? బావిలో పారేసేవాణ్ణి" అన్నాడు.

ఆ మాట కొందరికి తలకెక్కింది, కొందరికి ఎక్కలేదు. వాదన ఎండెక్కేదాకా సాగింది. ఈసారికి విజయవాడ నుంచి తెప్పించుకుందామని ఒకాయన అన్నాడు. "వాళ్లు ఏం కలుపుతారో నువ్వు చూశావా?" అని ఆయన భార్యే అడ్డం పడింది. "ఇతనన్నా కళ్లెదుట ఉన్నాడు. వాళ్లకి ఏ శ్మశానం నుంచి వస్తదో!" ఆ అనుమానం గుంపులో ఒక్కసారిగా పాకింది. షాపు కొవ్వొత్తి ఎవరు పోస్తారో, ఎక్కడి మైనమో చెప్పగలిగినవాడు అక్కడ ఒక్కడూ లేడు. ఇశ్రాయేలును నమ్మి కాదు, మిగతావాళ్లను ఇంకా తక్కువ నమ్మి కమిటీ అతని వైపు ఒరిగింది.

పాస్టరు గారు తేల్చారు. పాత మైనమంతా తోటలోనే గొయ్యి తీసి పూడ్చాలి. కొత్త సంచులు పెద్దల ముందు విప్పాలి. పోసినంతసేపూ పెద్దలు షెడ్డులో కూర్చోవాలి. వెనక్కి వచ్చిన ముక్క ఒక్కటి కూడా ఇక గుండిగలో పడకూడదు.

"నీకేమన్నా అభ్యంతరమా?" అని అడిగారు.

"నేనైనా అదే అడిగేవాణ్ణండి" అన్నాడు ఇశ్రాయేలు.

మంగళవారం వరప్రసాదరావు, ఇంకో పెద్దాయన నందిగామ వచ్చి షెడ్డులో కుర్చీలు వేసుకున్నారు. సర్ఫరాజ్ సంచులు తనే ఆటోలో తెచ్చి, కుట్లు వాళ్ల చేతే విప్పించి, పేపరు మడత పరీక్ష చేసి చూపించి వెళ్లాడు. వెళ్తూ ఇశ్రాయేలు చెవిలో అన్నాడు: "బాబాయ్, మీలాంటోళ్లు ఇప్పుడు ముగ్గురయ్యారు. నేనిక కొట్టు మూసుకోవాల్సిందే."

రేకుల కింద వేడి, పొయ్యి సెగ. రెండో పెద్దాయన మధ్యాహ్నం కాకుండానే మంచం కోసం ఇంట్లోకి వెళ్లాడు. వరప్రసాదరావు పట్టుదలగా కూర్చున్నారు గానీ, అన్నం తిన్నాక తల వాలింది. ఇశ్రాయేలు గరిటె గుండిగలో పెట్టి ఆగిపోయాడు. ఆయన భుజం తట్టాడు.

"సార్, నిద్రపోవద్దండి. పోస్తన్నా."

"పొయ్యవయ్యా, చూస్తన్నాలే."

"కళ్లు మూసుకుని ఎట్టా చూస్తారండి? రేపు ఎవరన్నా అడిగితే ఏం చెప్తారు?"

వరప్రసాదరావు ముఖం కడుక్కుని వచ్చి, కుర్చీ గుండిగకు దగ్గరగా జరుపుకున్నారు. ఆ తర్వాత ఆయన లేచినప్పుడల్లా ఇశ్రాయేలు పోయడం ఆపాడు. పుష్పవతి ఇద్దరినీ చూసి తనలో తను ఏదో గొణుక్కుంది.

ఈస్టర్ రోజు వెలుగు రాకముందే వీరులపాడు సమాధుల తోట నిండింది. అందరూ ఇశ్రాయేలు కొవ్వొత్తి తీసుకోలేదు. కొన్ని కుటుంబాలు ఇంట్లోంచే తెచ్చుకున్నాయి, ఏ కొట్లో కొన్నారో ఎవరికీ చెప్పలేదు. కొందరు అసలు కొవ్వొత్తి లేకుండా పూలు మాత్రం పెట్టారు. ఎక్కువమంది మాత్రం గేటు దగ్గర పుష్పవతి చేతిలోంచి తీసుకుని, ఒకసారి వాసన చూసి, లోపలికి వెళ్లారు.

వరప్రసాదరావు తల్లి సమాధి మీద వెలిగించి, పాటలు అయిపోయినా కదల్లేదు. సూర్యుడు వచ్చాడు, ఎండ తగిలింది. కొవ్వొత్తి నిటారుగానే కాలుతూ కిందికి వచ్చింది. పొగ లేదు. పూర్తిగా ఆరేదాకా నిలబడి, తర్వాత ఆయన జేబులోంచి చిన్న చాకు తీశారు. గచ్చు మీద గడ్డకట్టిన మైనాన్ని చివరి పొర దాకా గీకి రుమాల్లో మూటగట్టుకున్నారు. ఇంటికి తేకూడదన్న నియమం కంటే, అది మళ్లీ ఎవరి గుండిగలో పడుతుందోనన్న భయమే గెలిచింది.

పక్క సమాధివాళ్లు అది చూశారు. వాళ్లు ఇంటి తాళపుచెవితో గీకారు. ఆ వెనకవాళ్లు చెంచా కోసం పిల్లను ఇంటికి పరిగెత్తించారు. ఎండ ముదిరేసరికి తోటలో ఎటు చూసినా జనం గొంతుక్కూర్చుని తమవాళ్ల సమాధులు గీకుతున్నారు. పక్కవాళ్ల గచ్చు వైపు ఓరగా చూసుకుంటున్నారు.

ఇశ్రాయేలు మామగారి సమాధి దగ్గర ఆగాడు. పుష్పవతి బ్లేడు అందించింది. అతను గీకాడు. పొడి రాలకుండా కింద అరచెయ్యి పట్టింది ఆమె.